బందరు ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేది?

అమరకోశం మూడవ కాండలో నానార్థవర్గమని ఒక భాగం ఉంది. ఒక్కొక్క మాటకు గల పలు అర్థాలను ఒకచోట కూర్చిన భాగమది. హరి శబ్దమొక్కటే తీసుకుంటే విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహం, గుఱ్ఱం, కోతి, కప్ప – ఇన్ని అర్థాలున్నాయి. మా తరం తెలుగు పండితులు దీన్ని వల్లె వేసి వచ్చినవారే. అయితే అర్థాల పట్టిక నోటికి వచ్చినంత మాత్రాన సరిపోదని మా గురువులు మొదటే హెచ్చరించేవారు. అందుకు వారు చూపే ఉదాహరణ సైంధవం. సింధుదేశానికి చెందినవి గనుక ఉప్పూ సైంధవమే, గుఱ్ఱమూ సైంధవమే. విస్తరి ముందు కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి బయలుదేరినవాడు తెమ్మంటే గుఱ్ఱాన్ని తేవాలి. తారుమారు చేసినవాడికి నిఘంటువు వచ్చునేమో గాని భాష రాదు.

ఏ సందర్భంలో ఏ అర్థాన్ని పట్టుకోవాలో తేల్చే ఉపాయాలను భర్తృహరి వాక్యపదీయంలో వరుసగా చెప్పాడు. మాటకు తోడుగా ఉన్న మాటలు, ప్రకరణం, ప్రయోజనం, ఔచిత్యం, దేశం, కాలం – ఇలా సాగుతుంది ఆ జాబితా. ఆలంకారికులు దీన్ని కావ్యార్థ నిర్ణయానికి వాడుకున్నారు. నాకు మాత్రం మా కృష్ణాజిల్లా చరిత్ర చదివేటప్పుడు, ముఖ్యంగా అందులో ఇంగ్లీషు మాటలు ఎదురైనప్పుడు, దేశమూ కాలమూ అనే ఆ రెండూ బాగా అక్కరకు వచ్చాయి. ఆ సంగతి నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

ఒక పిల్లవాడి ప్రశ్న

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు సెలవు పెట్టినప్పుడు ఆ తరగతికి నన్ను పంపేవారు. తెలుగు పండితుడికి చరిత్ర చెప్పడం కష్టమేమీ కాదని ప్రధానోపాధ్యాయుల నమ్మకం. ఒకనాడు ఐరోపావారి రాక పాఠం నడుస్తున్నది. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ స్థాపించారన్న వాక్యం దగ్గర ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, ఆ ఫ్యాక్టరీలో ఏం తయారుచేసేవారండీ?" అన్నాడు. పక్కవాడు తడుముకోకుండా "బట్టలు" అన్నాడు. ఇంకొకడు "మిషన్లు ఇంగ్లండు నుంచి తెచ్చుంటారు" అని చేర్చాడు. తరగతి మొత్తానికి అది సబబుగానే తోచింది. పంచదార ఫ్యాక్టరీ, సిమెంటు ఫ్యాక్టరీ తెలిసిన పిల్లలు. పొగగొట్టం లేని ఫ్యాక్టరీని వాళ్ళు ఊహించలేదు.

పిల్లల మాట అటుంచితే, పెద్దలు రాసిన పుస్తకాల్లోనూ పోటీపరీక్షల గైడుల్లోనూ ఇదే ఫ్యాక్టరీని కర్మాగారంగా తెనిగించడం చూశాను. అది చూసిన తరువాత పిల్లవాడి ప్రశ్నకు సమగ్రమైన జవాబు రాసిపెట్టవలసిన అవసరం ఉందనిపించింది. అసలు జవాబు చిన్నదే: ఆ ఫ్యాక్టరీలో ఏమీ తయారయ్యేది కాదు.

ఫాక్టరు ఉండే చోటు ఫ్యాక్టరీ

లాటిన్ భాషలో ఫాక్టర్ అంటే చేసేవాడు, కర్త. మధ్యయుగాల ఐరోపా వర్తకంలో ఈ మాట, యజమాని తరఫున దూరదేశంలో కొనుగోళ్ళూ అమ్మకాలూ చేసే ప్రతినిధికి స్థిరపడింది. మన భాషలో చెప్పాలంటే గుమాస్తా. ఆ ఫాక్టరు ఉండే ఇల్లు, సరుకు దాచే కొట్లు, లెక్కలు రాసే గది, వీటన్నిటినీ చుట్టిన ప్రహరీ – అంతా కలిపి ఫ్యాక్టరీ. పోర్చుగీసువారు దీన్నే ఫెయిటోరియా అన్నారు. సరుకు తయారుచేసే చోటు అన్న అర్థం ఇంగ్లీషులో 17వ శతాబ్దిలోనే అక్కడక్కడ తలెత్తినా, అది గట్టిపడింది యంత్రాల కాలంలోనే. ఆర్క్‌రైట్ అనే ఆయన ఇంగ్లండులోని క్రామ్‌ఫర్డులో నీటి శక్తితో నడిచే నూలు మిల్లు పెట్టింది 1771లో. అంటే బందరులో ఫ్యాక్టరీ వెలసిన 160 ఏళ్ళకు. 1611లో బందరుకు యంత్రాలు తేవడానికి ఇంగ్లండులోనే అవి లేవు.

మన దేశంలో దీనికి కోఠీ అన్న మాట ఉంది. హైదరాబాదువారికి అది పేట పేరుగా బాగా పరిచయం. తెలుగులో గిడ్డంగి అన్నా కొంతవరకు సరిపోతుంది. ఇక్కడొక చమత్కారం ఉంది. ఇంగ్లీషువారు సరుకుల కొట్టును గోడౌన్ అంటారు. మలయా ప్రాంతాల నుంచి వారి నోటికెక్కిన ఈ మాటకు మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు కావచ్చునని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సూచించింది. మనం వారి ఫ్యాక్టరీని అపార్థం చేసుకుంటే, వారు మన గిడ్డంగిని పలకలేక గోడ దిగువకు దించారు!

ఆ కోఠీ ఎందుకు అవసరమైంది?

ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబరు 31న రాణి అనుమతిపత్రం వచ్చింది. 1611లో గ్లోబ్ అనే ఓడ బందరు చేరింది. అందులో వర్తక వ్యవహారం చూసినవారు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథ్యూనిస్ అనే ఇద్దరు డచ్చివారు. ఇంగ్లీషు కంపెనీ కొలువులో డచ్చివారన్నమాట. అప్పటికి గోలకొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా పాలన చివరి రోజులు. అసలు డచ్చి కంపెనీ 1605-06 నాటికే ఇక్కడ కాలు మోపింది. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. నేటికీ బందరులో ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అని పేటలున్నాయి. వలందు అంటే హాలండువాడు, పరాసు అంటే ఫ్రెంచివాడు. ముగ్గురూ పోయారు, మూడు పేర్లూ మిగిలాయి.

వీరంతా వచ్చింది ముఖ్యంగా బట్టల కోసమే. మిరియాలు, లవంగాలు, జాజికాయ దొరికే తూర్పు ద్వీపాలలో ఐరోపా సరుకుకు గిరాకీ తక్కువ. అక్కడివారు కోరింది కోరమండల తీరపు నూలుబట్టలు. అందుచేత బందరులో బట్ట కొని, ద్వీపాల్లో ఆ బట్టకు మసాలాదినుసులు మార్చుకుని, వాటిని ఐరోపాలో అమ్మడం వారి వ్యాపార చక్రం. గ్లోబ్ ఓడ కూడా ఇక్కడి బట్టలతో బాంటమ్, పటానీ, సయాం దేశాలవైపు సాగి, చివరకు 1615లో ఇంగ్లండు చేరింది.

ఓడలు ఋతుపవనాలను బట్టి నడుస్తాయి. ఓడ వచ్చాక బట్ట కొనబోతే రెండు చిక్కులు. అంత బట్ట అప్పటికప్పుడు దొరకదు. దొరికినా ఓడ రేవులో ఉందని తెలిసి ధర పెరుగుతుంది. అందువల్ల ఏడాది పొడుగునా ఒక మనిషి ఇక్కడే ఉండి, స్థానిక వర్తకులకు బయానాలు ఇచ్చి, వారి ద్వారా సాలెవారిచేత నేయించి, వచ్చిన తానులను కొలిచి, నాణ్యం చూసి, చలవ చేయించి, మూటలు కట్టించి సిద్ధంగా ఉంచాలి. ఆ మనిషే ఫాక్టరు, ఆ మూటలుండే చోటే ఫ్యాక్టరీ.

మరి తయారీ ఎక్కడ? డెల్టా గ్రామాల్లో, మగ్గం గుంటల్లో. నూలు వడికింది ఆడవారు. నేసింది సాలెవారు, దేవాంగులు. అద్దినవారు, చలవ చేసినవారు వేరు. ఎఱ్ఱరంగుకు చిరివేరు కావాలి. సముద్రతీరపు ఇసుకనేలల్లో దొరికే ఈ చిన్న మొక్క వేరు నుంచి వచ్చే ఎఱుపు ఎన్ని ఉతుకులైనా వెలవదు. బందరు అద్దకం పేరు గడించడానికి ఈ వేరు ఒక ప్రధాన కారణం. పెడనలోనూ బందరులోనూ నేటికీ కలంకారీ అద్దకం నడుస్తున్నది.

ఇప్పుడు ఆ కర్మాగారం అన్న అనువాదం ఎంత పని చేసిందో చూడండి. ఆంగ్లేయులు కర్మాగారం పెట్టారు అనగానే తయారీవిద్య వారిదీ, కూలిపని మనదీ అయింది. నిజానికి విద్య మనది, పెట్టె తాళంచెవి వారిది. ఒక్క మాటకు తప్పు అర్థం ఎంచుకున్నందుకు వేలమంది నేతగాళ్ళ పనితనం చరిత్ర పుటలోంచి జారిపోయింది. సైంధవం అడిగితే ఉప్పుకు బదులు గుఱ్ఱం తెచ్చినవాడిని చూసి నవ్వుకుంటాం. ఇక్కడ నష్టం నవ్వుతో పోయేది కాదు.

పెయింటింగులు, ఇన్వెస్టుమెంట్లు

కంపెనీ కాగితాలు చదివేవారికి ఇలాంటి మాటలు అడుగడుగునా తగులుతాయి. మచిలీపట్నం పెయింటింగులు అన్న మాట అందులో ఒకటి. చదవగానే పటం కట్టి గోడకు తగిలించే చిత్రాలు తలపుకొస్తాయి. అవి చిత్రాలు కావు, కలంతో రంగులద్దిన నూలుబట్టలు. మంచం మీద పరచుకునేవి, గుమ్మానికి కట్టుకునేవి, ఒంటికి చుట్టుకునేవి. ఈ రంగుబట్టల మోజు ఇంగ్లండులో ఎంతగా పెరిగిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో ఒకమారు, 1721లో మరొకమారు వాటి వాడకాన్ని అరికడుతూ పార్లమెంటు చట్టాలు చేయవలసి వచ్చింది. గోడకు తగిలించే బొమ్మల మీద ఎవరైనా అంత కక్ష కడతారా? ప్రకరణం చూస్తే అర్థం తానే తేలుతుంది.

అంతకంటె ప్రమాదకరమైన మాట ఇన్వెస్టుమెంటు. నేడు మన పత్రికల్లో ఈ మాట మంగళవాచకం. ఏదో ఒక కంపెనీ మన రాష్ట్రంలో ఇన్వెస్టుమెంటు పెడుతున్నదంటే సొమ్ము బయటనుంచి లోపలికి వస్తుందని, పనులు దొరుకుతాయని అర్థం. కంపెనీ లెక్కల్లో ఇన్వెస్టుమెంటు అంటే ఆ యేడు ఐరోపాకు ఎగుమతి చేయడానికి కొన్న సరుకు మొత్తం. అంటే బాణం గుర్తు సరిగ్గా తిరగబడింది. మొదట్లో ఆ సరుకు కొనడానికి వారు వెండి తెచ్చేవారు. 1765లో బెంగాల్ దివానీ చేజిక్కాక అక్కడి రైతు కట్టిన శిస్తులోంచే తీసి అక్కడి సరుకు కొన్నారు. మన శిస్తుతో మన బట్ట కొని ఓడకెక్కించడానికి కూడా ఇన్వెస్టుమెంటు అనే పేరు. ఆ పత్రాలు చదివి, కంపెనీ ఏటేటా పెట్టుబడులు పెంచిందని మురిసేవారు ఉంటే వారి తప్పు కొంతే, మాట చేసిన మాయ కొంత.

అడ్వెంచరరు అన్న మాట సంగతీ ఇంతే. కంపెనీ తొలి పత్రాల్లో అడ్వెంచరర్లు కనిపిస్తారు. వారు కొండలెక్కిన వీరులు కారు, సముద్రం దాటినవారూ కారు. లండనులో కూర్చుని, ఓడ తిరిగి వస్తుందో రాదో తెలియని వ్యాపారంలో సొమ్ము ఒడ్డిన వాటాదారులు.

మన నోట మిగిలిన పాత అర్థాలు

ఇంకొక వింత ఉంది. ఇంగ్లీషులో మరుగున పడిన పాత అర్థాన్ని కొన్నిచోట్ల మన తెలుగు భద్రంగా దాచుకుంది. రైటర్ అంటే నేటి ఇంగ్లీషులో ముందుగా తోచేది రచయిత. కంపెనీ కొలువులో అది అట్టడుగు మెట్టు. కుఱ్ఱవాడు రైటరుగా చేరి, లెక్కలూ ఉత్తరాలూ నకళ్ళు రాసి, కొన్నేళ్ళకు ఫాక్టరు అయి, తరువాత చిన్న వర్తకుడు, పెద్ద వర్తకుడు అనే హోదాలకు ఎక్కేవాడు. రాబర్ట్ క్లైవు 1744లో మద్రాసులో దిగింది రైటరుగానే. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ పేరు వెనక ఉన్నదీ ఈ గుమాస్తాలే. రచయితలకు అంత పెద్ద భవనం కట్టించిన ప్రభుత్వం నేనెరిగినంతలో ఏదీ లేదు. నేడు మన పోలీసు స్టేషనుకు వెళ్ళి రైటరుగారెక్కడని అడగండి. కథలు రాసేవారిని చూపించరు. కాగితాలు రాసే ఉద్యోగినే చూపిస్తారు. దస్తావేజులు రాసేవారినీ మనం డాక్యుమెంటు రైటర్లంటాం. మూడు వందల ఏళ్ళనాటి కంపెనీ అర్థం మన ఠాణాలో చెక్కుచెదరకుండా ఉంది.

కలెక్టరు అంటే వసూలు చేసేవాడు. రైల్లో టికెట్టు కలెక్టరు ఆ అర్థాన్నే మోస్తున్నాడు. బందరులో 1794 వరకు చీఫ్ అనే అధికారి, ఆయన కౌన్సిలూ పెత్తనం చేశారు. ఆ ఏడు అది రద్దయి కలెక్టర్లు వచ్చారు. వర్తకం చేసిన ప్రభుత్వం శిస్తు వసూలు చేసే ప్రభుత్వంగా మారిందన్న చరిత్ర అంతా ఆ పేరు మార్పులో ఉంది. 1859లో కృష్ణాజిల్లా ఏర్పడింది. అప్పటినుంచి ఇప్పటిదాకా బందరు జిల్లా కేంద్రం, అక్కడ కలెక్టరు ఉన్నారు. నేటి కలెక్టరుగారి చేతిలో తుపాను సహాయం నుంచి ఎన్నికల దాకా నూరు పనులున్నాయి. శిస్తు అందులో చాలా చిన్నది. అర్థం మారింది, పేరు మారలేదు.

కంపెనీ మాటకైతే మన వాళ్ళు రెండు వేషాలు వేశారు. పాలించిన కంపెనీని కుంపిణీ అన్నారు. నాటకాలాడేది మాత్రం నాటక కంపెనీ. ఇటీవల తోడుగా కూర్చోవడాన్ని కంపెనీ ఇవ్వడం అంటున్నారు. లాటిన్ మూలంలో దీని అర్థం రొట్టె పంచుకు తినేవారు అని. కుంపిణీ మనతో ఏం పంచుకుందో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

ఇట్లా అన్యభాషాపదాలు తెలుగులో ఎలా మసలుతున్నాయో గమనించి, 1854లోనే వాటికి ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు అచ్చు వేయించినవాడు సి.పి. బ్రౌను. కచేరీలో వాడే మాటకూ కావ్యంలో వాడే మాటకూ అర్థం వేరని, రెండూ తెలియనిదే న్యాయం చెప్పలేమని ఆయనకు అనుభవంమీద తెలిసి ఉండాలి. బందరులో కొంతకాలం ఉద్యోగం చేసినవాడు కూడా.

కాలువ గట్టున

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దానితోపాటే డెల్టాకు మరికొన్ని ఇంగ్లీషు మాటలు కాలువనీళ్ళలో కొట్టుకు వచ్చాయి. అందులో లాకులు ఒకటి. ఇంట్లో లాక్ అంటే తాళం. కాలువ మీద లాకులంటే పడవలను ఎగువ నుంచి దిగువకు, దిగువ నుంచి ఎగువకు దాటించే తలుపుల కట్టడం. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిమట్టాన్ని పెంచో తగ్గించో అవతలికి వదులుతారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో బందరు కాలువ ఇలాగే ప్రయాణసాధనంగా ఉండేది. పడవలు పోయి చాలాకాలమైనా లాకుల పేరు పోలేదు. మా వైపు ముసలి రైతుకు ఇంగ్లీషు రాకపోయినా ఈ లాకు ఆ లాకు కాదని తెలుసు. తలుపుకు వేసేది అయితే తాళమే అంటాడు, లాకని అనడు. చదువుకున్న వాడి ఇంట్లోనే ఈ రెండూ కలగలిసేది!

బ్యాంకు మాట ఇంకా బాగుంటుంది. కృష్ణ తూర్పు గట్టు వెంబడి దివిసీమ వైపు సాగే కాలువకు ఇంజనీర్లు పెట్టిన పేరు ఈస్ట్ బ్యాంక్ కెనాల్. ఇక్కడ బ్యాంకు అంటే నది ఒడ్డు. అదే జిల్లాలో, అదే బందరులో, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. అది సొమ్ము దాచే బ్యాంకు. ఇటలీలో సొమ్ము మార్చేవారు కూర్చునే బల్ల పేరు నుంచి వచ్చిన మాట. మూలాన్ని తవ్వుకుంటూ పోతే ఒడ్డు బ్యాంకూ సొమ్ము బ్యాంకూ పాత జర్మానిక్ భాషలో ఒక్కచోటే కలుస్తాయని భాషావేత్తలు అంటారు. రెండు పాయలు ఒకే నది నుంచి చీలినట్లు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఒడ్డు మీది బ్యాంకు మాత్రం ఏటా నీళ్ళు మోస్తూనే ఉంది.

అర్థాలు ఎక్కువై అలసిపోయిన మాట సెటిల్‌మెంటు. ఐరోపావారు స్థిరపడిన రేవుపట్నాన్ని వారు సెటిల్‌మెంటు అన్నారు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందార్లతో శాశ్వతంగా శిస్తు నిర్ణయించుకుంటే అదీ సెటిల్‌మెంటే. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన కులాలను కట్టడిలో ఉంచడానికి 20వ శతాబ్ది తొలిపాదంలో పెట్టిన ఊళ్ళూ సెటిల్‌మెంట్లే. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టినదే. ఆ చట్టం 1952లో రద్దయినా ఊరి మీద పడిన ముద్ర తుడవడానికి అక్కడివారు తరాలపాటు పోరాడవలసి వచ్చింది. ఇక నేడు తెలుగునాట సెటిల్‌మెంట్లు చేసేవాడంటే భూతగాదాల్లో తలదూర్చి బెదిరించేవాడు. ఈ నాలుగు అర్థాలనూ వరుసగా పెట్టి చూస్తే, పైకి ఎంత తేడా ఉన్నా ఒక పోలిక కనిపిస్తుంది. నాలుగింటిలోనూ నిర్ణయం బలవంతుడిది, సర్దుకుపోవడం బలహీనుడిది. మాట మారకపోవడానికి ఇదొక కారణమేమో.

మా ఊరి సంగతి

ఇంతదూరం బందరు గురించి చెప్పి మా ఘంటసాలను వదిలేస్తే ఊరివారు ఊరుకోరు. పైగా ఫ్యాక్టరీకి తాత లాంటి మాట మా ఊరికే తగిలి ఉంది.

క్రీస్తుశకం 2వ శతాబ్దిలో టాలెమీ అనే గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు మైసోలియా అనే తీరప్రాంతంలో కంటకోస్సైల అనే ఊరిని పేర్కొన్నాడు. మైసోలోస్ కృష్ణానది అని, కంటకోస్సైల మా ఘంటసాల అని పండితుల నిర్ణయం. ఆ పేరు పక్కన ఆయన ఎంపోరియన్ అని రాశాడు. నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్దపు బోధిసిరి శాసనంలో కంటకసేల మహాచైత్యపు తూర్పుద్వారం దగ్గర ఆమె రాతిమంటపం కట్టించిన విషయం ఉంది. మా ఊళ్ళో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో మహానావికుడి ప్రస్తావన ఉంది. పెద్ద ఓడ నడిపినవాడి పేరు బౌద్ధస్తూపం రాతి మీద కెక్కిందంటే, నేడు వరిచేల నడుమ ఉన్న మా ఊరికి అప్పుడు సముద్రంతో ఎంత చుట్టరికం ఉండేదో తెలుస్తుంది. అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి ఇక్కడి స్తూపాన్ని తవ్వించి, ఆ వివరాలను 1894లో ప్రకటించాడు.

ఎంపోరియన్ అంటే గ్రీకులో దూరదేశపు వర్తకులు దిగి బేరం చేసుకునే రేవు బజారు. అదే మాట లాటిన్ మీదుగా ఇంగ్లీషులో ఎంపోరియం అయింది. ఇవాళ ఎంపోరియం అంటే మనకు లేపాక్షి ఎంపోరియం గుర్తుకొస్తుంది: గాజు అద్దాల వెనక కొండపల్లి బొమ్మలు, కలంకారీ దుప్పట్లు. టాలెమీ మాటను ఈ అర్థంలో తీసుకుంటే మా ఊళ్ళో రెండువేల ఏళ్ళ క్రితం ఒక పెద్ద దుకాణం ఉండేదని తేలుతుంది! ఎంపోరియన్ అన్నది దుకాణం పేరు కాదు, ఊరి హోదా.

టాలెమీకి కొంచెం ముందు, 1వ శతాబ్దిలో రాసిన పెరిప్లస్ అనే గ్రీకు నావికుల దారిపుస్తకం, ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. తయారవుతాయి అన్న ఆ క్రియను దయచేసి గమనించండి. ఇంగ్లండువారి ఫ్యాక్టరీకి దాదాపు పదిహేను వందల ఏళ్ళ ముందే ఈ డెల్టాలో తయారీ ఉంది, రేవు ఉంది, ఎగుమతి ఉంది. 1611లో కొత్తగా వచ్చింది ఒక కొనుగోలుదారుడు మాత్రమే.

మా ఊరి పేరూ నానార్థాల చేతిలో పడింది. కంటకశైల కాలక్రమాన ఘంటసాల అయింది. పాత పేరు మరచిపోయిన జనం కొత్త పేరుకు కొత్త అర్థం చెప్పుకున్నారు: ఇక్కడ ఘంటలు పోతపోసే శాల ఉండేదట. వినడానికి ఇంపుగానే ఉంటుంది. శాల ఉంటే తయారీ ఉండాలి కదా! ఫ్యాక్టరీని చూసి పిల్లలు యంత్రాలను ఊహించినట్లే, పెద్దలు ఘంటను చూసి కొలిమిని ఊహించారు. మాట ఉన్నచోట మనసు ఊరుకోదు. తెలిసిన అర్థాన్ని తెచ్చి అతికించేదాకా నిద్రపోదు.

ఏం చేయాలి?

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా మనవి ఒక్కటే. 1611 దగ్గర ఫ్యాక్టరీ, కర్మాగారం అన్న రెండు మాటలూ వద్దు. వర్తక స్థావరం అనండి. కొన్ని మంచి పుస్తకాలు ఇప్పటికే అంటున్నాయి. కోఠీ అన్నా తప్పులేదు. ఫ్యాక్టరీ అని ఉంచక తప్పకపోతే పక్కనే ఒక వాక్యం చేర్చండి: ఇక్కడ సరుకు తయారుచేసేవారు కారు, గ్రామాల్లో మనవాళ్ళు నేసిన బట్టను కొని దాచేవారు. ఒక్క వాక్యం చాలు, నేతగాడు తన చోటికి తాను తిరిగి వస్తాడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకొక మనవి. ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పేటప్పుడు నిఘంటువులోని మొదటి అర్థంతో ఆగవద్దు. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఎప్పుడన్నారు అని పిల్లలచేతనే అడిగించండి. భర్తృహరి చెప్పిన దేశకాలాలు సంస్కృత కావ్యాలకు ఎంత పనికివస్తాయో కుంపిణీ కాగితాలకూ అంతే పనికివస్తాయి.

చదువరులలో కాకినాడ, విశాఖ, నెల్లూరు, కడప ప్రాంతాలవారు ఉన్నారు. దేశం విడిచి దూరాన ఉంటున్నవారూ ఉన్నారు. మీ మీ ఊళ్ళ పేర్లలోనూ, మీ పెద్దల నోటి మాటల్లోనూ ఇలా పాత అర్థాలను దాచుకున్న ఇంగ్లీషు మాటలు తప్పక ఉంటాయి. ముఖ్యంగా రేవులు, రైల్వేస్టేషన్లు, కచేరీలు ఉన్న ఊళ్ళలో. గుర్తున్నవి రాసి పంపితే అందరమూ తెలుసుకుంటాం. వాడినవారు పోకముందే వాటి అర్థాలను రాసి ఉంచుకోవడం మన పని.